ఎల్ఎస్ బ్లాకు మీద వీటెక్ హెడ్డు: ముందు తేలాల్సింది ఎర్రగీత

పాత హోండా ఇంటెగ్రాల మాట వచ్చిన ప్రతిచోటా ఒక సలహా వినబడుతుంది. "ఎల్ఎస్ బ్లాకు మీద బి16 హెడ్డు పెట్టేయ్. బోల్టులన్నీ చక్కగా కూర్చుంటాయి. శని ఆదివారాల్లో అయిపోయే పని." ఎల్ఎస్ అంటే ఇంటెగ్రాలో వీటెక్ లేని 1.8 లీటర్ల ఇంజను, బి16 అంటే వీటెక్ ఉన్న 1.6. సిలిండర్లున్న కింది భాగం బ్లాకు, వాల్వులూ క్యాములూ ఉన్న పై భాగం హెడ్డు. ఇంజను వేగం పెరిగాక నూనె ఒత్తిడితో వాల్వుల్ని ఎత్తైన లోబు (క్యాము మీది ఉబ్బు) మీదికి మార్చే హోండా ఏర్పాటే వీటెక్. అమెరికాలో పాత సివిక్ కొనుక్కుని ఇంటి గరాజ్‌లో పని మొదలుపెట్టే మన కుర్రాళ్ళ చెవిన పడే మొదటి మాట కూడా ఇదే. బోల్టులు కూర్చునే మాట నిజం. ఆదివారం సాయంత్రానికి బండి స్టార్ట్ అయ్యే మాటా నిజమే. ఆ సలహాలో ఎక్కడా వినబడని ప్రశ్న ఒకటుంది: మార్చాక ఇంజన్ని నిమిషానికి ఎన్ని చుట్ల దాకా తిప్పుతావు, అంటే ఎర్రగీత ఎక్కడ? హెడ్డు వెతకడానికి ముందే ఈ అంకె తేల్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. మిగతా ఖర్చులూ కొలతలూ అన్నీ దాని వెనకే వస్తాయి.

ఇండియాలో వీటెక్ అంటే చాలామందికి మొదటి తరం సిటీ 1.5 గుర్తొస్తుంది. అది సింగిల్ క్యామ్ డి సిరీస్. ఇక్కడ మాట్లాడుతున్నది రెండు క్యాములున్న బి సిరీస్ గురించి. బి18బి అనే ఎల్ఎస్ ఇంజను బోరు (సిలిండరు వెడల్పు) 81 మి.మీ., స్ట్రోకు (పిస్టను పైకీ కిందికీ కదిలే దూరం) 89 మి.మీ., 1834 సీసీ, వీటెక్ లేదు, 6800 దగ్గర ఎర్రగీత. బి16ఎ బోరు కూడా 81. స్ట్రోకు మాత్రం 77.4, అంటే 1595 సీసీ. వీటెక్ ఉంది, 8000 దాకా హాయిగా తిరుగుతుంది. బోరు ఒకటే, బోల్టుల వరస ఒకటే. పెద్ద బ్లాకు మీద మంచి హెడ్డు పెడదామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

హోండాకు రాలేదా?

హోండాకూ వచ్చింది. వాళ్ళ 1.8 లీటర్ల వీటెక్ ఇంజను బి18సి. దాన్ని తెచ్చి ఎల్ఎస్ పక్కన పెట్టి చూస్తే నా వాదన సగం అక్కడే కనిపిస్తుంది. వీటెక్ హెడ్డు తీసి ఎల్ఎస్ బ్లాకు మీద పెట్టి ఊరుకుంటే హోండాకు చాలా డబ్బు మిగిలేది. వాళ్ళు అలా చేయలేదు. స్ట్రోకు 89 నుంచి 87.2కి తగ్గించారు. పిస్టన్ని క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు 137 నుంచి 137.9కి పెంచారు. పిస్టన్ల కిందికి నూనె చిమ్మే జెట్లు పెట్టారు. క్రాంకు మెయిన్ క్యాపులన్నిటినీ కలిపి కట్టే గర్డిల్ వేశారు. 1.8 మి.మీ. స్ట్రోకు తగ్గించడానికి కొత్త క్రాంకు తయారు చేయాలి. ఆ ఖర్చు ఊరికే పెట్టుకోరు కదా.

ఎల్ఎస్ బ్లాకులో జెట్లు లేవు, గర్డిల్ లేదు. రాడ్డు బోల్టులు 6800కి లెక్కగట్టినవి. రాడ్డు మీద పడే జడత్వ బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 6800 నుంచి 8200కి వెళితే వేగం ఐదో వంతు పెరిగినట్టే కనిపిస్తుంది గానీ బోల్టు మీద లాగుడు 45 శాతం పెరుగుతుంది. ఎగ్జాస్టు స్ట్రోకు చివర, పిస్టను పైకి వచ్చి తిరిగే క్షణంలో, దాన్ని పట్టుకుని కిందికి లాగేది ఆ రెండు బోల్టులే. ఆ క్షణంలో ఎదురొత్తడానికి పైన మంట కూడా ఉండదు. అందుకే ఈ ఇంజన్లలో రాడ్డు బ్లాకు పగలగొట్టుకుని బయటికి వచ్చేది ఎక్కువగా యాక్సిలరేటర్ వదిలినప్పుడో, పై గేరు వేయబోయి కింది గేరు వేసినప్పుడో.

ఇక్కడ నా వాదనకే అడ్డొచ్చే లెక్కలు రెండున్నాయి. మొదటిది పిస్టను సగటు వేగం. ఎల్ఎస్‌ని 8200 తిప్పితే సెకనుకు 24.3 మీటర్లు వస్తుంది. భయపెట్టే అంకెలాగే ఉంటుంది. అయితే ఇంటెగ్రా టైప్ ఆర్‌లోని బి18సి5 తన ఎర్రగీత 8400 దగ్గర 24.4 మీటర్లతో తిరుగుతుంది. కంపెనీ ఇంజనే అంత వేగాన్ని తట్టుకుంటోంది కాబట్టి ఎల్ఎస్ 8200 తిరగకపోవడానికి కారణం స్ట్రోకు ఒక్కటే కాదు. రెండోది రాడ్డు నిష్పత్తి, అంటే రాడ్డు పొడవును స్ట్రోకుతో భాగిస్తే వచ్చేది. ఎల్ఎస్‌ది 1.54, బి16ది 1.74. "ఎల్ఎస్ నిష్పత్తి చెత్త, అందుకే పగులుతుంది" అని చాలామంది అంటారు. 99 మి.మీ. స్ట్రోకు, 152 మి.మీ. రాడ్డు ఉన్న హోండా 2.4 లీటర్ల ఇంజను కె24 నిష్పత్తి కూడా దాదాపు 1.54. అది లక్షల కిలోమీటర్లు మామూలుగా తిరుగుతోంది. కాబట్టి నిష్పత్తిని నిందించడం నాకు సరిగా అనిపించదు. తేడా అంతా బోల్టుల్లో, రాడ్డు గట్టిదనంలో, బేరింగులకు చేరే నూనెలో ఉంది. అవి మార్చుకోగలిగినవి. స్ట్రోకు తలరాతేం కాదు.

నూనె దారి

బోల్టుల వరస కలిస్తే రెండు ఇంజన్లు చుట్టాలని అనుకుంటాం. నేనైతే నూనె దారి కలిస్తేనే చుట్టరికం ఒప్పుకుంటాను. వీటెక్ హెడ్డు కింది ముఖం మీద నూనె రంధ్రం ఒకటుంది. ఎల్ఎస్ బ్లాకులో దాని ఎదురుగా ఏమీ లేదు. అలాగే బిగిస్తే వీటెక్‌కు నూనె అందదు. అందుకని ఆ రంధ్రంలో మరలు కోసి ప్లగ్గు బిగిస్తారు. హెడ్డు పక్కన ఇంకో రంధ్రం వేస్తారు. బ్లాకు వెనక, ఆయిల్ ఫిల్టర్ దగ్గరున్న ప్రెషర్ స్విచ్ చోటు నుంచి టీ ముక్కతో ఒక గొట్టం అక్కడికి తెస్తారు.

పని చిన్నదే. చెడగొట్టుకునే చోట్లు మాత్రం నాలుగున్నాయి. ప్లగ్గు హెడ్డు ముఖం కన్నా వెంట్రుకవాసైనా లోపలికి ఉండాలి. పైకి తేలితే గాస్కెట్టు అక్కడ ఎత్తుకుంటుంది, కారణం తెలియక రెండుసార్లు హెడ్డు దించుతారు. రంధ్రం వేసినప్పుడు రాలిన అల్యూమినియం పొట్టు గ్యాలరీలోనే, అంటే నూనె కాలువలోనే, ఉంటుంది. గాలి కొడితే అంతా పోదు. కిరోసిన్ పోసి, సన్నటి బ్రష్ పెట్టి, రెండు వైపుల నుంచీ కడగాలి. లేకపోతే ఆ పొట్టు మొట్టమొదట వెళ్ళి చేరేది వీటెక్ పిన్నుల్లోకే. మూడోది మరల సంగతి. హోండా స్విచ్ మరలు 1/8 బీఎస్‌పీటీ, అంగుళానికి 28. అమెరికాలో హార్డ్‌వేర్ షాపులో దొరికే ముక్క 1/8 ఎన్‌పీటీ, అంగుళానికి 27. మొదటి రెండు చుట్లు తేలిగ్గానే ఎక్కుతుంది, మూడో చుట్టుకు బిగుసుకుంటుంది. బాగానే పట్టిందనుకుని ఇంకాస్త తిప్పితే బ్లాకు చెవి పగులుతుంది. అడాప్టర్ విడిగా కొనాలి. నాలుగోది గొట్టం. అల్లిక ఉన్న డాష్ 4 సైజు చాలు, కానీ ఏ బ్రాకెట్ అంచుకూ రాసుకోకుండా క్లాంపు వేయాలి. ఇది తెగితే కారేది మెయిన్ గ్యాలరీ నూనె. లైటు వెలిగేసరికే బేరింగుల పని అయిపోతుంది.

గొట్టంలో ఎక్కడైనా నలుగుడో అడ్డో ఉంటే కంప్యూటరే చెబుతుంది. కోడ్ 22 అంటే వీటెక్ ప్రెషర్ స్విచ్. కోడ్ 21 అయితే సోలెనాయిడ్ వైరింగు. 22 వస్తే చాలామంది స్విచ్ మార్చేస్తారు. ముందు గొట్టం విప్పి చూడండి.

దీనికి పూర్తిగా వేరే కథ కె సిరీస్‌ది. కె24 బ్లాకు మీద కె20ఎ2 హెడ్డు పెట్టేవాళ్ళకు ఈ గొట్టాల బెడద లేదు, ఎందుకంటే రెండు బ్లాకుల్లోనూ నూనె దారి వీటెక్ కోసమే పుట్టింది. ఆ మార్పిడిని నేను నిరభ్యంతరంగా సమర్థిస్తాను.

క్లే ముక్క చెప్పే అబద్ధం

పిస్టను, వాల్వు గుద్దుకోకుండా ఎంత ఖాళీ ఉందో చూడటానికి అందరూ చేసేది ఒకటే. పిస్టను తల మీద పిల్లలు ఆడుకునే క్లే అతికిస్తారు, హెడ్డు బిగించి బెల్టు వేస్తారు, క్రాంకు చేత్తో రెండు చుట్లు తిప్పుతారు, విప్పి క్లే మందం కొలుస్తారు. ఇన్‌టేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్టు వైపు 2.5 మి.మీ. ఉంటే నిశ్చింత. పద్ధతి మంచిదే. వీటెక్ హెడ్డు మీద మాత్రం ఇది అబద్ధం చెబుతుంది.

ఎందుకంటే చేత్తో తిప్పుతున్నప్పుడు నూనె ఒత్తిడి ఉండదు. ఒత్తిడి లేకపోతే లోబు నొక్కితే వాల్వుల్ని తెరిచే మూడు రాకర్లను కలిపే పిన్నులు జరగవు. మధ్యలో ఉన్న ఎత్తైన లోబు తన రాకర్ని ఊరికే ఊపుతుంది, వాల్వులు పక్కనున్న చిన్న లోబుల మీదే కదులుతాయి. మీరు కొలిచింది నెమ్మదిగా తిరిగేటప్పటి ఖాళీ. గుద్దుకునే ప్రమాదం ఉన్నది పెద్ద లోబు పట్టాక. అందుకని హెడ్డు నూనె దారిలోకి కంప్రెసర్ గాలి పట్టి, గాలి బయటికి పోయే చోట మూసి, పిన్నులు జరిగి మూడు రాకర్లూ ఒక్కటయ్యాయని వేలితో నొక్కి నిర్ధారించుకున్నాకే క్రాంకు తిప్పాలి. ఒక్క సిలిండరుకైనా ఇలా చేయాలి. అసలు తీవ్రంగా చూడాల్సింది పిస్టను పూర్తిగా పైకి వచ్చే చోటు, అంటే టాప్ డెడ్ సెంటర్‌కు అటూ ఇటూ పది డిగ్రీల దగ్గర. ముందు ఎగ్జాస్టు, తర్వాత ఇన్‌టేక్ అక్కడే పిస్టనుకు బాగా దగ్గరగా వస్తాయి.

ఎల్ఎస్ పిస్టను తల మీద చెక్కిన గుంటలు 31 మి.మీ. ఇన్‌టేక్ వాల్వు కోసం చెక్కినవి. వీటెక్ హెడ్డుది 33. లోతు సరిపోయినా గుంట అంచుకు వాల్వు అంచు తగలొచ్చు. క్లే మీద పడ్డ ముద్రను నిలువుగానే కాదు, పక్కకు కూడా కొలవాలి. ఎగ్జాస్టు రెండింటిలోనూ 28 కాబట్టి ఆ వైపు బెంగ తక్కువ.

కంప్రెషన్ ఎంతొస్తుందో ఎవరో చెప్పిన అంకె నమ్మకండి. ఎల్ఎస్ ఒక్కో సిలిండరు 458.6 సీసీ. కంపెనీ నిష్పత్తి 9.2 కాబట్టి పైన మిగిలే చోటు మొత్తం 55.9 సీసీ. కొత్త హెడ్డులో మంట పుట్టే గది పాతదానికన్నా 2 సీసీ చిన్నదైతే నిష్పత్తి 9.5 అవుతుంది. 81 బోరుకు గాస్కెట్టు మందంలో 0.1 మి.మీ. తేడా దాదాపు అర సీసీతో సమానం. గది ఎంతుందో తెలుసుకోవడానికి స్పార్కు ప్లగ్గు బిగించి, వాల్వులు వేసి, మీద రంధ్రం ఉన్న అద్దం ముక్క గ్రీజుతో అతికించి, బ్యూరెట్టుతో నింపితే పది నిమిషాల పని. ఇదివరకే రెండుసార్లు ఫేసింగ్ (ముఖం గీకి చదును చేయడం) అయిన హెడ్డు పుస్తకంలో అంకెకు దరిదాపుల్లో కూడా ఉండకపోవచ్చు. ముఖం వంపు 0.05 మి.మీ. లోపుంటే దాని జోలికి పోవద్దు. 0.2 వరకు ఫేసింగ్ చేయించవచ్చు. తీసిన ప్రతిసారీ క్యాముకూ క్రాంకుకూ మధ్య దూరం తగ్గి క్యాము టైమింగ్ కొద్దిగా వెనక్కి పోతుందని గుర్తుంచుకోవాలి.

బిగింపు విషయాలు త్వరగా చెప్పేస్తాను. హెడ్డుని బ్లాకు మీద సరైన చోట నిలిపే డోవెల్ పిన్నుల కొలత రెండింటికీ ఒకటి కాదు, మెట్టు ఉన్న పిన్నులు వాడాలి. "స్టడ్లు పట్టుకుంటాయిలే" అని డోవెల్స్ మానేస్తే హెడ్డు పక్కకు జరిగి గాస్కెట్టు నమిలేస్తుంది. ఎల్ఎస్ హెడ్డు బోల్టులు పనికిరావు, పొడవు వేరు. స్టడ్ల రంధ్రాల్లో నూనెగానీ కూలెంటుగానీ చుక్క మిగలకూడదు. అడుగు మూసిన రంధ్రంలో ద్రవం ఉండగా బిగిస్తే బ్లాకు పగులుతుంది. ఎల్ఎస్ బ్లాకు ఎత్తు 212 మి.మీ., బి16ది 204. కాబట్టి బి16 టైమింగ్ బెల్టు పొట్టిదవుతుంది. బెల్టు, వాటర్ పంపు, టెన్షనర్ ఒకే సెట్టుగా తీసుకోవాలి, తలా ఒకచోటి నుంచి తెచ్చి కలపకూడదు.

క్యాములు మార్చే ముందు

హెడ్డుతో ఆగరు, టైప్ ఆర్ క్యాములు కూడా వేస్తారు. జర్నల్స్ సరిపోతాయి, క్యాపులు సరిపోతాయి, దించగానే కూర్చుంటాయి. అడ్డొచ్చేది స్ప్రింగు. లోబు ఎత్తు పెరిగితే స్ప్రింగు అంత ఎక్కువ నలగాలి. పూర్తిగా నలిగి చుట్టుకు చుట్టు తగిలే స్థితికి కనీసం 1 మి.మీ. ముందే ఆగాలి. వాల్వు వేసినప్పటి స్ప్రింగు ఎత్తు కొలిచి, అందులోంచి వాల్వు తెరుచుకునే దూరాన్ని, పూర్తిగా నలిగినప్పటి స్ప్రింగు ఎత్తును తీసేస్తే మిగిలేది ఎంతో తెలుస్తుంది. వాల్వు సీట్లు కోయించిన హెడ్డులో స్ప్రింగు ఎత్తు మారిపోతుంది, షిమ్ములు వేసి సరిచేయాలి. టైప్ ఆర్ క్యాములకు టైప్ ఆర్ స్ప్రింగులే వేయడం తేలికైన దారి.

పాత రాకర్లను ఏ లోబు మీద తిరిగాయో ఆ లోబుకే వేయాలి. కలగాపులగం చేస్తే వెయ్యి కిలోమీటర్లలో లోబు గీరుకుపోతుంది. కొత్త క్యాముకు అరిగిన రాకర్లు అసలు వద్దు. మధ్య రాకర్ కింద ఉండే లాస్ట్ మోషన్ ముక్కల్ని వేలితో నొక్కి చూడండి. మొదట మెత్తగా, తర్వాత గట్టిగా దిగాలి. ఇరుక్కున్నది ఒక్కటున్నా పైన టకటక పోదు, ట్యాపెట్ సెట్టింగ్ ఎన్నిసార్లు చేసినా పోదు.

ట్యాపెట్ల ఖాళీకి ఎల్ఎస్ అంకెలు వాడటం ఇంకో తరచు పొరపాటు. ఎల్ఎస్ ఇన్‌టేక్ 0.08 నుంచి 0.12 మి.మీ. బి16 వీటెక్‌కు ఇన్‌టేక్ 0.15 నుంచి 0.19, ఎగ్జాస్టు 0.17 నుంచి 0.21. బ్లాకు చూసి కాదు, హెడ్డు చూసి పెట్టాలి. ఇంజను 38 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడే చేయాలని నియమం. మే నెల విజయవాడలో అయితే ఈ పని తెల్లవారుజామున పెట్టుకోవాల్సిందే!

మరి 7200 దగ్గర ఆగితే దండగేనా?

ఇక అసలు ప్రశ్న. కింద రాడ్లు ముట్టుకోకుండా హెడ్డు మాత్రం మార్చితే నేను 7200కి మించనివ్వను. అప్పుడు బోల్టు మీద లాగుడు 12 శాతమే పెరుగుతుంది. వెంటనే వచ్చే ఆక్షేపణ ఇది: బి16ఎ2 తన 160 హార్స్‌పవర్ ఇచ్చేది 7600 దగ్గర. వీటెక్ పట్టేది 5600 దగ్గర. 7200కి కోసేస్తే శిఖరమే అందదు, ఇంత శ్రమ ఎందుకు?

ఈ ఆక్షేపణ బలమైనదే. కొంతకాలం దీనికి జవాబు లేదనే అనుకున్నాను. కానీ శిఖరం ఎక్కడ వస్తుందన్నది క్యాములూ పోర్టులూ మాత్రమే నిర్ణయించవు, కింద ఉన్న సిలిండరు పరిమాణం కూడా నిర్ణయిస్తుంది. అదే హెడ్డు అంతే గాలి పంపుతుంది. ఎల్ఎస్ సిలిండరు బి16 కన్నా 15 శాతం పెద్దది. అంత గాలిని అది తక్కువ వేగంలోనే మింగేస్తుంది. 7600ని 1.15తో భాగిస్తే 6600. ఉజ్జాయింపు లెక్కే, అయినా దిశ స్పష్టం: శిఖరం కిందికి దిగుతుంది. అంటే ఎల్ఎస్ మీద పెట్టిన స్టాకు బి16 క్యాములకు 8200 అవసరమే లేదు. శిఖరం దాటి ఐదారు వందలు తిప్పగలిగితే గేరు మారాక మళ్ళీ మంచి చోట పడుతుంది, దానికి 7200 చాలు. వీటెక్ పట్టే చోటును కూడా 5600 దగ్గరే వదిలేయకుండా ఇంకాస్త కిందికి తేవచ్చు, ఇంజను బలం కొలిచే డైనో మీద చిన్న లోబు, పెద్ద లోబు గీతలు రెండూ ఎక్కడ కలుస్తాయో అక్కడికి. 8200 అన్నది బి16 నుంచి అరువు తెచ్చుకున్న అలవాటు. ఎల్ఎస్ బ్లాకుకు ఆ అంకెతో నిమిత్తం లేదు.

టైప్ ఆర్ క్యాములు వేస్తే లెక్క మారుతుంది. వాటి శిఖరం మళ్ళీ పైకి పోతుంది, 7200 నిజంగానే తక్కువవుతుంది. అప్పుడు కింద విప్పాల్సిందే. రాడ్డు బోల్టులు మాత్రం మార్చి సరిపెడదామనుకోవద్దు. పాతవి ప్రెస్‌తో తీసి కొత్తవి దించితే రాడ్డు పెద్ద కన్ను (క్రాంకును పట్టుకునే చివర) గుండ్రం చెడుతుంది. లేతు దగ్గర మళ్ళీ హోనింగ్ చేయించాలి. నాలుగు రాడ్లకు ఆ కూలీ, మంచి బోల్టుల ధర కలిపితే బయట దొరికే ఫోర్జ్‌డ్ రాడ్ల ధరకు దగ్గర పడుతుంది. అందుకే నేను రాడ్లే మార్చమంటాను. జర్నల్ 45 మి.మీ. కాబట్టి బేరింగు ఖాళీ 0.045 మి.మీ. అటూ ఇటూగా ఉండాలి. నలిగిన వెడల్పుతో ఖాళీ చెప్పే ప్లాస్టిక్ దారం ప్లాస్టిగేజ్‌తో ప్రతి రాడ్డుకూ విడిగా చూడాలి. వీటెక్ ఇంజను ఆయిల్ పంపు ఎల్ఎస్ బ్లాకుకు బిగుస్తుంది, అదీ వేసేయాలి. ఇంత చేశాక బి18సి పూర్తి ఇంజను ధర ఒకసారి పక్కన పెట్టి చూసుకోవడం మంచిది. ఎల్ఎస్ బ్లాకు చవక అన్న మాట 7200 వరకే నిజం. 8200 దగ్గర ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. మిగిలేది 89 మి.మీ. స్ట్రోకు ఇచ్చే కింది లాగుడు. అది కావాలనుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళతో నాకు పేచీ లేదు.

ఇండియాలో ఉన్నవాళ్ళు ఇలాంటి పని తలపెడితే బండిలో చేసే మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ముందే చదువుకోవాలి.

మొదటి స్టార్టుకు ముందు ఫ్యూయల్ కట్ అంకె కంప్యూటర్లో పెట్టేయండి, తర్వాత చూద్దాం అనుకోవద్దు. స్పార్కు ప్లగ్గులు తీసి, ఇంజక్టర్ల ప్లగ్గు ఊడదీసి, ఆయిల్ ప్రెషర్ మీటరు కదిలేదాకా స్టార్టర్ తిప్పండి. కొత్త గొట్టం రెండు చివర్లూ వేలితో తడిమి చూశాకే ప్లగ్గులు పెట్టండి. 500 కిలోమీటర్లకు నూనె మార్చి, తీసిన ఫిల్టర్‌ని కోసి, మడతలు విప్పి వెలుతురులో చూడండి. బూడిద రంగు సన్న పొడి కాస్త ఉండటం మామూలే. రేకుల్లాగా మెరిసే ముక్కలుగానీ రాగి ఛాయగానీ కనబడితే మళ్ళీ స్టార్ట్ చేయకుండా అక్కడే సంప్ దించి, ముందు రాడ్డు బేరింగులు విప్పండి.